అందరూ తప్పుకున్న వర్క్‌షాప్

వర్క్‌షాపుల బాధ్యురాలు అంటే వినడానికి బాగానే ఉంటుంది. చెయ్యబోతే తెలుస్తుంది, అది పెళ్లివారింట్లో వియ్యాలవారికి విడిది గదులు సర్దే ఉద్యోగమని. కంప్యూటర్ శాస్త్రం సదస్సుల్లో అసలు సభకు ముందురోజు ఒక్కో విషయం మీద పనిచేసేవాళ్లు ఒక్కో గదిలో చేరి పొద్దస్తమానం మాట్లాడుకుంటారు. వాటినే వర్క్‌షాపులంటాం. ఎవరికి ఏ గది, ఎవరికి ప్రొజెక్టర్, ఎవరి కాఫీ ఎప్పుడు, అన్నీ నా నెత్తినే. ప్రొఫెసర్లు ఒక్కొక్కరికీ పెద్ద గదే కావాలి, కిటికీ ఉండాలి, పక్క గది చప్పట్లు వినబడకూడదు. ఎంత సర్దినా ఎవరో ఒకరి మూతి మూడు వంకరలు తిరిగే ఉంటుంది. "కోరి కొరివితో తల గోక్కున్నావు" అని మా ఆయన మొదటి వారమే అనేశాడు.

నేను ఒప్పుకున్నది ఒకే ఒక్క కారణానికి. ఈసారి సదస్సు మా ఊళ్లో జరుగుతోంది. మాస్టారుండేది మా ఊళ్లోనే.

మాస్టారు నా పిహెచ్‌డీ గైడు. ఒకదానికొకటి కనబడని కంప్యూటర్లు, మధ్యలో కబుర్లు ఆలస్యమైనా, ఒకటీ అరా చెడిపోయినా, అన్నీ కలిసి ఒకే మాట మీదికి ఎలా రావాలన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. దానిమీద ఆయన మొదలుపెట్టిన వర్క్‌షాప్ ఏటా ఏదో ఒక దేశంలో జరుగుతూనే ఉంది. ఈ విషయం పట్టుకుని వేలాడేవాళ్లు లోకం మొత్తానికీ ఒక బస్సులో పడతారు. తెలివైనవాళ్లంతా చెప్పిన బొమ్మలు గీసే ఏఐ యంత్రాల వెంట పోయారు. మిగిలినవాళ్లం ఏడాదికోసారి ఒక గదిలో కూర్చుని, ఒకరి రుజువులో ఒకరు తప్పులు పట్టుకుని, కడుపునిండా పోట్లాడుకుని, మళ్లీ ఏడాదికి సరిపడా సంతోషం మూటగట్టుకుని వెళతాం.

మాస్టారి భార్యను నేను పిన్నీ అంటాను. చుట్టరికమేమీ లేదు, చదువుకునే రోజుల్లో ఆవిడ పెట్టిన అన్నం వల్ల ఏర్పడిన వరస అది. సదస్సు మా ఊరికి వచ్చిందని చెప్పడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి కుళాయి తిప్పింది, మాటలు బయటికి వినబడకుండా.

"డాక్టరు ఇక ప్రయాణాలొద్దన్నాడు అమ్మాయ్. మనుషుల్ని మరిచిపోతున్నారు. మొన్న మా తమ్ముడొస్తే, మీరెవరు బాబూ అన్నారు."

నేను కుళాయి ఇంకాస్త తిప్పాను.

"పాఠాలు బానే గుర్తున్నాయి. మొహాలే పోతున్నాయి. వచ్చే ఏడాదికి ఎవరుంటారో ఆయన బుర్రలో, ఎవరుండరో. మీ జట్టంతా గుర్తుండగానే ఒక్కసారి ఎదురుగా కూచోబెట్టవే. అందరూ ఒక గదిలో. అంతే నేనడిగేది."

"తప్పకుండా పిన్నీ. ఈసారి గదులన్నీ నా చేతిలోనే ఉన్నాయి."

"ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. జాలిగా చూస్తే ఆయన తట్టుకోలేరు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. గదులన్నీ నా చేతిలో ఉన్నాయన్న మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

సదస్సు అధ్యక్షుణ్ణి మేమంతా చాటుగా గడియారం అంటాం. ఆయన చెడ్డవాడు కాడు. అదే నా ఖర్మ. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తిపడేదాన్ని. నియమం ఎక్కడుందో చూస్తాడు, అందరికీ ఒకేలా వర్తింపజేస్తాడు, ఆ తర్వాత నిజంగానే బాధపడతాడు. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. గురువుల సంగతి వచ్చినప్పుడు శిష్యులు నోరెత్తకూడదు, ఆ చర్చ జరుగుతున్న గదిలో కూడా ఉండకూడదు. పక్షపాతం చూపిస్తారని. మంచి ఆచారమే. ఎన్నోసార్లు నేనే ఇతరులను బయటికి పంపాను.

తర్వాత జరిగిన సదస్సు సంఘం సమావేశంలో ఒక్కో వర్క్‌షాప్ గురించీ మాట్లాడుకుంటూ మాస్టారిదాకా వచ్చాం. గడియారం కళ్లజోడు తీసి నా వైపు చూశాడు.

"మేడమ్, మీరు కాసేపు బయటుంటారా?"

బయటికి వెళ్లాను. ఆ గదికి గోడలు అద్దాలవి. లోపల నోళ్లు కదలడం కనిపిస్తుంది, ఒక్క మాటా వినబడదు. చేపల తొట్టి ముందు నిలబడ్డ పిల్లిలా నిలబడ్డాను. ఎవరో తల అడ్డంగా ఊపారు. ఎవరో భుజాలు ఎగరేశారు. మళ్లీ లోపలికి పిలిచాక కార్యదర్శి చెప్పింది: నమోదైనవాళ్లు కనీసం డజను మంది ఉంటేనే గది. మాస్టారి వర్క్‌షాప్‌కు తొమ్మిది మందే ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆ లెక్క నిండకపోతే, గది వరసలో ఉన్న తర్వాతివాళ్లకు పోతుంది. ఆ తర్వాతివాళ్లు ఎవరో వేరే చెప్పాలా, బొమ్మలు గీసే యంత్రాలవాళ్లే.

"తొమ్మిదేంటి, నిర్వాహకులే ఏడుగురున్నారు కదా?" అన్నాను.

"నిర్వాహకుల్ని లెక్కలో కలపరు మేడమ్. వాళ్లకి ప్రవేశం ఉచితం. ఒక మనిషికి ఒకటే హోదా."

అక్కడుంది తంటా. మాస్టారిది మంచి మనసు. ఎవరు కాస్త బాగా పనిచేసినా వాళ్ల పేరు నిర్వాహకుల్లో చేర్చేసేవారు, ఉద్యోగాల వేటలో పనికొస్తుందని. అలా ఏళ్లతరబడి చేర్చి చేర్చి, వచ్చేవాళ్లలో పెద్ద తలకాయలంతా నిర్వాహకులై కూర్చున్నారు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు?

ఉపాయం మాత్రం చిన్నదే. ఏడుగురిలో ముగ్గురు నిర్వాహకత్వం వదులుకుని మామూలు మనుషులుగా నమోదైతే డజను నిండుతుంది. అందరికీ కలిపి ఒక మెయిల్ రాస్తే అయిపోయేది. కానీ నేను రాసే మెయిల్ ఏదైనా సంఘం పెట్టెలోంచే పోవాలి, దాన్ని గడియారం చూస్తాడు, గురువుగారి తరఫున శిష్యురాలు ప్రచారం చేస్తోందన్న మాట వస్తుంది. అందుకని ఫోన్లే చేశాను, ఒక్కొక్కరికీ విడివిడిగా. మాస్టారిని ఈ రొష్టులోకి లాగడం ఇష్టం లేక ఆయనకు మాత్రం చెయ్యలేదు.

మొదట గడ్డానికి చేశాను. నాతోపాటు మాస్టారి దగ్గర చదివినవాడు, గడ్డం పెంచిన దగ్గర్నుంచీ వాడికి అదే పేరు.

"ముగ్గురు మారితే చాలా? ఓస్, ఇంతేనా తల్లీ! నేను చూసుకుంటా పో" అన్నాడు.

తర్వాత అక్కకు చేశాను. మాస్టారి మొదటి శిష్యురాలు, మా అందరికీ పెద్దక్క లెక్క.

"మాస్టారి కోసం ఆ మాత్రం చెయ్యనా? నువ్వు నిశ్చింతగా ఉండు" అంది.

మిగతా నలుగురూ ఇంచుమించు అదే మాట అన్నారు. ఒక్కరు కూడా నసగలేదు. మనుషులంటే వీళ్లు అని పొంగిపోయి, ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పాను. మా ఆయనకు బల్బులూ ఫ్యాన్లూ అమ్మే కొట్టుంది, మా శాస్త్రంతో ఆయనకు సంబంధం లేదు.

"అందరూ సరేనన్నారు, బాగానే ఉంది. ఇంతకీ దిగేదెవరు, ఉండేదెవరు?" అన్నాడు.

"వాళ్లలో వాళ్లు చూసుకుంటారు. లోకానికి వాళ్లు చెప్పే పాఠమే అది" అని కసిరాను.

శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఆ అద్దాల గదిలోనే సమావేశం. కాగితం కప్పులా పింగాణీ కప్పులా అన్నదాని మీద హోరాహోరీగా చర్చ జరుగుతోంది. బల్ల మీద నా ఫోను గుర్రుమంది. మాస్టారి వర్క్‌షాప్ నిర్వాహకత్వం నుంచి ఒకరు తప్పుకున్నారని సదస్సు కంప్యూటర్ వ్యవస్థ పంపిన మెయిల్. కాసేపటికి ఇంకొకటి. ఆ వెంటనే మూడోది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుని, ఆ ఉత్సాహంలో పింగాణీ కప్పుల పక్షాన చెయ్యెత్తాను.

మళ్లీ గుర్రుమంది. నాలుగోవారు కూడా తప్పుకున్నారు. సరేలే, ఒకరు ఎక్కువైతే మంచిదే. ఐదోది వచ్చేసరికి ఫోను చేతిలోకి తీసుకున్నాను.

"ఒక్క నిమిషం" అంటూ లేచాను.

"కప్పుల సంగతి తేల్చేసి వెళ్లండి మేడమ్" అన్నాడు గడియారం.

తేల్చకుండానే బయటపడ్డాను. గడ్డానికి చేస్తే పాఠం చెబుతున్నాడు, ఫోను కట్టేసి ఉంది. అక్కకు చేస్తే ఆవిడ విమానంలో ఉన్నారని వాళ్ల ఆఫీసువాళ్లు చెప్పారు. మిగిలినవాళ్లలో ఒకరి ఫోను మోగి మోగి ఆగింది. ఇంతలో ఆరోది వచ్చింది. ఇక మిగిలింది మాస్టారు ఒక్కరే. పోనీ, ఆయనుంటే చాలు, ఒక్క నిర్వాహకుడున్నా వర్క్‌షాప్ నిలబడుతుంది. మాస్టారింటికి ఫోన్ చేశాను. పిన్ని ఎత్తింది, గొంతులో హుషారు.

"నూరేళ్లే నీకు! ఇప్పుడే మేమూ నొక్కేశాం."

"ఏం నొక్కారు పిన్నీ?"

"అదే, తప్పుకోవడం. పొద్దున గడ్డం అబ్బాయి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడులే. ఈయన గట్టిపట్టు పట్టారు. పెద్దవాణ్ణి, ముందు నేను దిగాలి, పిల్లలున్నారుగా నడిపించడానికి, నేను హాయిగా వెనక బెంచీలో కూచుంటా అన్నారు. ఎక్కడ నొక్కాలో తెలీక ఇంతసేపు పట్టింది. ఏమ్మా, మాట్లాడవేం?"

ఫోను చెవి దగ్గరే గుర్రుమంది. ఏడోది. దాని వెనకే ఇంకొకటి. నిర్వాహకులెవరూ లేనందున ఈ వర్క్‌షాప్ ఉపసంహరించబడినది, గది తదుపరి దరఖాస్తుదారులకు కేటాయించబడినది. ఆఖరి మనిషి దిగిపోతున్నప్పుడు, నువ్వే ఆఖరివాడివి సుమా అని ఒక్క మాట చెప్పాలని ఆ వ్యవస్థ రాసిన మహానుభావుడికి తట్టలేదు. కింద నమోదైనవాళ్ల సంఖ్య కూడా ఉంది. పదహారు. కావలసింది పన్నెండు, వచ్చింది పదహారు, వర్క్‌షాప్ మాత్రం లేదు.

తర్వాత అందరూ అందరితో మాట్లాడుకున్నాక తేలింది ఏమిటంటే, ఆరుగురూ ఒకేలా ఆలోచించారు. ఎవరో ముగ్గురు దిగాలి, ఆ ముగ్గురిలో నేనుండకపోతే ఎలా, మాస్టారు ఎలాగూ ఉంటారుగా. మాస్టారేమో పిల్లలుంటారుగా అనుకున్నారు. పల్లకీలో ఉన్నవాళ్లంతా మోయడానికి దిగారు, లోపల ఎవరూ మిగల్లేదు. ఒకదానికొకటి కనబడని యంత్రాలు ఒకే మాట మీదికి ఎలా రావాలో జీవితమంతా రాసినవాళ్లు ఏడుగురు, నువ్వు దిగుతున్నావా అని ఒకరినొకరు ఒక్క మాట అడగలేకపోయారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మందు వేసింది నేనే.

ఆ మధ్యాహ్నం మాత్రం మళ్లీ అద్దాల గదిలోకి, గడియారం దగ్గరికి దాదాపు పరిగెత్తాను. విషయం చెప్పబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపి, తలుపు వైపు చూపించాడు. మళ్లీ అద్దం బయట నిలబడ్డాను. కాసేపటికి ఆయనే బయటికొచ్చాడు.

"నాకూ బాధగానే ఉంది మేడమ్. కానీ అవతలివాళ్లకి గది ఖాయమని వెళ్లిపోయింది. వాళ్లు అప్పుడే వక్తలకి కబురు పెట్టేశారు. వాళ్ల చేతిలోంచి లాక్కోమంటారా?"

"ఇంకో గది ఏదైనా? స్టోరుగదైనా ఫర్లేదు సర్."

"అగ్నిమాపకవాళ్లు ఒప్పుకున్న గదులు ఇవే. మీకు తెలియందేముంది, పట్టీ వేసింది మీరే కదా."

నా మొహం చూసి ఆయన గొంతు తగ్గించాడు. "చూడండి, ఏదైనా ప్రత్యేక కారణముంటే చెప్పండి. అనారోగ్యం లాంటిది. అప్పుడు నియమాన్ని పక్కన పెట్టి సంఘాన్ని ఒప్పిస్తాను. అప్పుడు గదవుతుంది."

అయ్యో, దారి ఉంది. నా గొంతులోనే ఉంది. ఒక్క నిమిషమని చెప్పి, మెట్ల దగ్గరికి వెళ్లి పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఒట్టు తీసెయ్యమని బతిమాలాను.

"సంఘమంటే ఎంతమంది?" అంది ఆవిడ.

"పదిమంది దాకా. ఎవరికీ చెప్పరు పిన్నీ."

"పదిమందికి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే. రేపు ఆ గదిలోకి ఆయన అడుగుపెడితే అందరూ లేచి చోటిస్తారు, పాపం అన్నట్టు. ఆయనకి మొహాలు గుర్తుండకపోవచ్చు గానీ, జాలి గుర్తుపట్టలేరనుకున్నావా? వద్దమ్మా. నీకు దణ్ణం పెడతా, వద్దు."

వెనక్కి వచ్చి, ప్రత్యేక కారణమేమీ లేదు సర్ అన్నాను. ఆయన నిట్టూర్చి లోపలికెళ్లి కప్పుల చర్చ పూర్తి చేశాడు. పింగాణీవే ఖాయమయ్యాయి.

వర్క్‌షాప్ పోతే అందులో చదవాల్సిన పేపర్లూ పోయినట్టే. పేపరు లేని ప్రయాణానికి ఏ విశ్వవిద్యాలయమూ అనుమతి ఇవ్వదు. ఒక్కొక్కరే రాలేమని చెప్పుకుంటూ వచ్చారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ప్రతివాళ్లూ తప్పు తమదేనన్నారు. గడ్డం ఫోన్లో ఏడ్చాడు. చివర్లో ముక్కు చీది, "పోనీలే, వచ్చే ఏడాది గట్టిగా చేద్దాం, మాస్టారెక్కడికి పోతారు" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

మాస్టారికి సంగతి చెప్పారా అని పిన్నిని అడిగాను.

"రెండుసార్లు చెప్పాను. చెప్పినప్పుడల్లా కొత్తగా విని కొత్తగా బాధపడతారు. మర్నాడు లేవగానే, ఏ గదిచ్చారే మనకి అంటారు. ఇక చెప్పడం మానేశాను. మంచి గదే ఇచ్చారు, కిటికీ ఉందట అన్నాను."

వర్క్‌షాపుల రోజు రానే వచ్చింది. ఆ గది తలుపు మీద బొమ్మల యంత్రాలవాళ్ల పేరు నా చేతుల్తోనే అంటించాను. జనం కిటకిటలాడారు. నిర్వాహకుడెవరో వచ్చి, చాలా థాంక్స్ మేడమ్, ఇంకో ఇరవై కుర్చీలుంటే బాగుండు అన్నాడు. తెప్పించాను. వాళ్ల తప్పేముంది? వాళ్లు నవ్వుతూ ఉంటే మాత్రం ఒళ్లు మండింది, దాచడమెందుకు.

భోజనాలవగానే ఎవరికీ చెప్పకుండా మాస్టారింటికి వెళ్లాను. జట్టంతా వీడియోలో కలుద్దామని అప్పటికే మాట్లాడుకున్నాం. పిన్ని మాస్టారికి ఇస్త్రీ చొక్కా తొడిగి భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టింది.

"రామ్మా, రా. అందరూ వచ్చేశారా?" అన్నారు నన్ను చూసి.

"వస్తున్నారు మాస్టారూ."

ఆయన పక్క కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. ఒక్కో మొహం ఒక్కో గడిలో వచ్చింది. మాస్టారు ముందుకు వంగి కళ్లు చిట్లించి చూశారు. ఆయన మొహం విప్పారింది. గడ్డాన్ని పేరు పెట్టి పిలిచి, "ఏరా, ఒళ్లు చేశావే" అన్నారు. పక్క గడిలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పలకరించారు, ఆ పక్కనున్న అమ్మాయిని కూడా. అలా వరసగా అందరినీ, ఒక్క తప్పు లేకుండా. వాళ్లు చప్పట్లు కొట్టారు. నా వెనక నిలబడ్డ పిన్ని చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. డాక్టరు మాట అబద్ధమేమోనని ఆ క్షణాన నేనూ ఆశపడ్డాను.

అప్పుడు అక్క వచ్చింది. వాళ్ల ఆఫీసు కంప్యూటర్లోంచి వచ్చినట్టుంది, ఆవిడ మొహం కింద పేరుండే చోట అతిథి అని పడింది.

మాస్టారి చూపు ముందు కిందికి వెళ్లి, తర్వాత పైకి వచ్చింది. "నమస్కారం అతిథి గారూ. మా వర్క్‌షాప్‌కి మీరు కొత్తా?" అన్నారు మర్యాదగా.

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ అక్కే నవ్వింది. "చూశారా, మాస్టారి వేళాకోళం ఇంకా తగ్గలేదు" అంది కళ్లు తుడుచుకుంటూ. వాళ్లు నవ్వుతుంటే మాస్టారూ నవ్వారు. నా భుజం మీది చెయ్యి జారిపోయింది.

తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు. యంత్రాల గురించి, ఆలస్యంగా వచ్చే కబుర్ల గురించి, ఎప్పటిలాగే తడుముకోకుండా. గడ్డం ఒక సందేహం అడిగితే, దాన్ని తలకిందులు చేసి వాడికే తిప్పి వేశారు. మాస్టారు రాయిలా ఉన్నారని, వచ్చే ఏడాది తప్పకుండా కలుద్దామని అందరూ చేతులూపి వెళ్లిపోయారు. ఒక్కో గడీ ఖాళీ అయి, తెర నల్లబడింది.

మాస్టారు తృప్తిగా నిట్టూర్చి నా వైపు తిరిగారు. నా మొహం వంక చూశారు. తర్వాత ఆయన చూపు నా మొహం కిందికి దిగి, పేరుండాల్సిన చోట కాసేపు వెతికి, ఏమీ దొరకక మళ్లీ పైకి వచ్చింది.

నేను నా పేరు చెప్పాను.

"మంచి పేరు" అన్నారు.